వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ ట్రెక్ ప్యాకేజీ రివ్యూ: లోయకి పదికి పది, ప్యాకేజీకి మాత్రం ఐదే

లోయకి పదికి పది. ప్యాకేజీకి ఐదు, అది కూడా టెంపో డ్రైవర్ మొహం చూసి ఇస్తున్నా. కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు, ఎందుకంటే ఇన్‌స్టాలో ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అందరి ప్లానూ దాదాపు ఒకటే, రిషీకేశ్‌లో ఎక్కించుకుని మళ్ళీ రిషీకేశ్‌లోనే దింపేస్తారు, మధ్యలో ఒక రోజు పూల లోయ, ఒక రోజు హేమకుండ్ (కొండ మీద సరస్సు పక్కన ఉన్న సిక్కుల గురుద్వారా), మిగతాదంతా బండిలో కూర్చోవడమే. మీరు ఎవరి దగ్గర బుక్ చేసుకుంటున్నా ఇది చదివి అడగాల్సినవి అడగండి. నాతో మా పిన్ని వచ్చింది, వయసు యాభై దాటింది, వాళ్ళది కడియం పక్కన ఊరు, చిన్నప్పట్నుంచీ నర్సరీల మధ్యే పెరిగిన మనిషి, కాబట్టి మొక్క కనిపిస్తే ఆగిపోవడం మా ఇద్దరికీ కాస్త ఎక్కువే, కంప్లైంట్లు కూడా చాలావరకు అక్కడే మొదలయ్యాయి.

తెలియని వాళ్ళకి ముందు రెండు ముక్కలు. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా, బద్రీనాథ్ వెళ్ళే రోడ్డులో జోషీమఠ్ దాటాక గోవింద్‌ఘాట్ వస్తుంది, అక్కడ అలకనందలో లక్ష్మణ్ గంగ కలుస్తుంది, ఆ లక్ష్మణ్ గంగ పట్టుకుని పైకి నడిస్తే ఘాంఘరియా అనే చిన్న బస, అక్కడ దారి రెండుగా చీలుతుంది, ఎడమకి పూల లోయ, కుడికి హేమకుండ్. లోయ మధ్యలోంచి పారేది పుష్పావతి నది. లోయ పొడవు సుమారు 8 కిలోమీటర్లు, వెడల్పు ఓ 2 కిలోమీటర్లు, నేషనల్ పార్కు మొత్తం 87.5 చదరపు కిలోమీటర్లు, 1982లో పార్కు చేశారు, 2005లో నందాదేవి పార్కుతో కలిపి యునెస్కో వరల్డ్ హెరిటేజ్ లిస్టులో పెట్టారు. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఫ్రాంక్ స్మైత్, ఎరిక్ షిప్టన్, హోల్డ్స్‌వర్త్ అనే బ్రిటిష్ వాళ్ళు వానలో కనుమ దాటి ఈ లోయలోకి దిగారు, స్మైత్ అయితే 1937లో పూల కోసమే పనిగట్టుకుని మళ్ళీ వచ్చి, ఆ మరుసటి ఏడు పుస్తకం రాశాడు, ఈ పేరు అలా అంటుకుంది. వాళ్ళే కనిపెట్టారని అందరూ చెప్తుంటారు గానీ, భ్యూందార్ ఊరి వాళ్ళు అప్పటికే ఎన్నాళ్ళనుంచో అక్కడ గొర్రెలు మేపుకుంటున్నారు మరి, వాళ్ళకి తెలియని చోటా అది!

ఇప్పుడు ప్యాకేజీ. పేజీలో పెట్టిన ఫొటో చూస్తే కొండ మొత్తం గులాబీ రంగు, ఆకు అన్నదే కనపడదు. రంగులు బాగా పెంచిన ఫొటో అది. లోయలో అడుగు పెట్టగానే మీకు ముందు కనిపించేది పచ్చదనం, దట్టమైన, నడుం ఎత్తు పచ్చదనం, పైన మబ్బు, మబ్బు చీలినప్పుడు నల్లటి కొండ గోడలు, వాటి మీంచి జారే సన్నటి జలపాతాలు, దూరంగా లోయ చివర టిప్రా గ్లేసియర్. పూలు ఆ పచ్చదనం లోపల ఉంటాయి. కొన్ని చోట్ల నిజంగానే వాలు వాలంతా పూసి ఉంటుంది, కానీ చాలావరకు వంగి చూడాలి, ఆకు పక్కకి జరిపి చూడాలి. మా గ్రూపులో సగం మంది మొదటి పది నిమిషాల్లోనే "ఇంతేనా?" అనేశారు, వాళ్ళ తప్పేం లేదు, అమ్మినవాళ్ళు అలా అమ్మారు.

రోడ్డు ప్రయాణం గురించి ఎక్కువ రాయను. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా ఒక రోజంతా పడుతుంది, దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా వస్తాయి, పిన్ని ప్రతి ప్రయాగ దగ్గరా బండి ఆపమంది, డ్రైవర్ అన్న దేవప్రయాగలో మాత్రం ఆపాడు, పచ్చటి భాగీరథి, బురద అలకనంద కలిసే చోటు పైనుంచి చూపించాడు. వానాకాలం కాబట్టి కొండచరియలు పడటం మామూలే, ఒక చోట జేసీబీ వచ్చి తీసేదాకా చాలాసేపు నిలబడ్డాం, మీ ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, రిటర్న్ ఫ్లైట్ అదే రోజు సాయంత్రానికి బుక్ చేసుకుంటే మీ ఇష్టం. 2023 మొదట్లో జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలు వారి, భూమి కుంగి, జనాన్ని ఖాళీ చేయించిన సంగతి గుర్తుందిగా, ఆ ఊరి గుండానే వెళ్తాం, గోడల మీద ఆ పగుళ్ళు ఇంకా కనిపిస్తాయి.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా 4 కిలోమీటర్లు షేర్ జీపు, అక్కడ్నుంచి ఘాంఘరియా దాదాపు 10 కిలోమీటర్లు ఎక్కుడు. 2013 జూన్ వరదల్లో ఈ దారి చాలావరకు కొట్టుకుపోయింది, ఇప్పుడున్నది తర్వాత వేసింది. దారి బాగుంటుంది, రాళ్ళు పరిచారు, కానీ కంచరగాడిదల రద్దీ, వాటి పేడ, వాన పడితే ఆ రెండూ కలిసి... సరే వదిలేయండి. అయినా ఈ దారిని తక్కువ చేసి చూడొద్దు, ఎందుకంటే ఎత్తు మారే కొద్దీ చెట్టు ఎలా మారుతుందో ఒక్క పూటలో కళ్ళ ముందే కనిపిస్తుంది. కింద అక్రోట్ చెట్లు, హార్స్ చెస్ట్‌నట్, మేపుల్, కాస్త పైకి వెళ్ళాక దేవదారు జాతి చెట్లు, పొడుగ్గా నల్లగా ఫర్ చెట్లు, మధ్యలో థునేర్ అని ఒకటి, టాక్సాల్ అనే కాన్సర్ మందు ఈ జాతి చెట్ల నుంచే తీస్తారు. బండల మీద ఫెర్న్‌లు, నాచు, ఎటు చూసినా నీళ్ళు కారుతుంటాయి. దారిలో దుకాణాల్లో బురాన్ష్ షర్బత్ అమ్ముతారు, ఎర్ర రోడోడెండ్రాన్ పూల రసం, తియ్యగా పుల్లగా ఉంటుంది, తాగండి. మా ట్రెక్ లీడర్ కుర్రాడు మాత్రం దారి పొడుగునా బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెట్టాడు, పిన్ని రెండు సార్లు అడిగితే సౌండ్ తగ్గించాడు, ఆపలేదు.

ఘాంఘరియా ఎత్తు 3,000 మీటర్లు దాటుతుంది. ఒకటే వీధి, రెండు వైపులా లాడ్జీలు, ధాబాలు, ఒక గురుద్వారా, పొంచోలూ (నెత్తి మీంచి కప్పుకునే రెయిన్‌కోట్లు) కర్రలూ అమ్మే కొట్లు. సీజన్ నాలుగైదు నెలలే, చలికాలం ఊరు ఊరంతా మూసేసి కిందకి దిగిపోతారు. ప్యాకేజీలో ఇచ్చిన రూము తడి తడిగా ఉంది, దుప్పట్లు ఆరి ఎన్ని రోజులైందో, వేడినీళ్ళు బకెట్ లెక్కన డబ్బులు, "ఆల్ ఇంక్లూడెడ్" అన్నారు కదా అంటే "వేడినీళ్ళు ఇంక్లూడ్ కాదు మేడం" అన్నారు. కరెంటు వస్తుంది పోతుంది. తిండి మాత్రం పర్లేదు, రాజ్మా, ఆలూ పరాఠా, రోటీ, అన్నం అడిగితే పెట్టారు కానీ అంత ఎత్తులో సరిగ్గా ఉడకదు, పలుకు పలుకుగానే ఉంటుంది, పిన్ని తెచ్చిన గోంగూర పచ్చడి సీసాకి మా బల్ల దగ్గర క్యూ కట్టారు.

లోయకి వెళ్ళిన రోజు అసలు గొడవ. పార్కు గేటు పొద్దున్నే తెరుస్తారు, మధ్యాహ్నం తర్వాత కొత్తగా ఎవర్నీ లోపలికి పంపరు, సాయంత్రం 5 లోపు అందరూ బయటికి వచ్చేయాలి, లోపల టెంట్ వేసుకోవడం, రాత్రి ఉండటం కుదరదు, గుర్రాల్ని రానివ్వరు. అంటే ఉన్న టైమే తక్కువ. అందులో మా వాళ్ళు టిఫిన్, గ్రూప్ ఫొటో, బ్యానర్ పట్టుకుని ఇంకో ఫొటో, వీటన్నిటికీ పోగా గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. లోపలికి వెళ్ళాక "ఫొటో పాయింట్" అని ఒక బండ దగ్గర ఆపి గంట సేపు రీల్స్, నది దాకా వెళ్దామంటే "టైం లేదు". నీలం రంగులో చిన్న గంట ఆకారం పువ్వు చూపించి ఇదేంటి తమ్ముడూ అని పిన్ని అడిగితే, "వైల్డ్ ఫ్లవర్ ఆంటీ" అన్నాడు. పక్కది? "అది కూడా వైల్డ్ ఫ్లవరే." అయిదు వందలకి పైగా జాతుల పూల మొక్కలున్నాయి ఈ లోయలో, అతని దగ్గర అన్నిటికీ కలిపి ఒక్కటే పేరు. వెనక్కి తిరిగేసరికి మూడు కూడా కాలేదు, అందరూ లాడ్జికి చేరి పేకాట.

అందుకే ఆ సాయంత్రం పిన్ని నేరుగా వీధిలోకి వెళ్ళి, అడిగి, వాకబు చేసి, కింద భ్యూందార్ వైపు ఊరి నుంచి వచ్చి గైడ్ పని చేసే ఒకాయన్ని మాట్లాడింది, నాకొచ్చిన హిందీ, ఆవిడ చేతి సైగలు, రేటు మాత్రం ఆవిడే తేల్చింది. హేమకుండ్ అయ్యాక గ్రూపు కిందకి దిగిపోతే మేం ఆగిపోయి, సొంత ఖర్చుతో మళ్ళీ లోయలోకి వెళ్ళాం. ఈ రివ్యూలో పదికి పది అంతా ఆ రోజుదే.

గేటు తెరిచే టైముకే అక్కడున్నాం. కాసేపు దిగుడు, నది మీద వంతెన, దాటాక నిటారు ఎక్కుడు, అక్కడ భోజ్‌పత్ర అడవి మొదలవుతుంది. భూర్జపత్రాల మీద గ్రంథాలు రాసేవాళ్ళని చిన్నప్పుడు చదువుకున్నామే, ఆ చెట్టు. బెరడు పొరలు పొరలుగా లేచి ఉంటుంది, లేత గోధుమ రంగు, దాని కింద గులాబీ రంగు, చీల్చబోతుంటే గైడ్ భయ్యా "దీదీ, రాలింది తీసుకుని చూడండి, చెట్టు మీదది ముట్టొద్దు" అన్నాడు, కింద రాలిన ముక్క చూపించాడు. ఆ నీడలోనే కోబ్రా లిల్లీ, పడగ విప్పినట్టు ఆకుపచ్చ గొట్టం పువ్వు. దీని కథ తమాషాగా ఉంటుంది, మొక్క చిన్నగా ఉన్నప్పుడు మగ పువ్వు పూస్తుంది, దుంపలో బలం బాగా చేరాక ఆడ పువ్వు పూస్తుంది, బలం తగ్గితే మళ్ళీ మగే, కాయ కాయడానికి ఒంట్లో సత్తువ కావాలి కదా. ఇది నేను చెప్తే పిన్ని నవ్వి, "తెలివైన మొక్కే, ఉన్నదాన్ని బట్టి సంసారం" అంది.

అడవి దాటగానే లోయ విచ్చుకుంటుంది. పొద్దున్నే కాబట్టి మబ్బు ఇంకా పూర్తిగా దిగలేదు, కొండలు కనిపించాయి, ముందు రోజుల్లో అసలు చూడని కొండలు. దారికి రెండు పక్కలా తల ఎత్తు బాల్సమ్, మనం కుండీల్లో పెంచే బాల్సమ్‌కి చుట్టమే కానీ మనిషంత ఎత్తు, గులాబీ ఊదా పూలు, తేనెటీగ లోపలికి దూరితే వెనక కాళ్ళు తప్ప ఏమీ కనపడదు. కాయ ముదిరాక ముట్టుకుంటే టప్పున పగిలి గింజలు ఎగిరిపోతాయి. దాని కింద జెరేనియం, ఊదా రేకుల మీద గీతలు, ఎర్రటి పొటెంటిల్లా, స్ట్రాబెర్రీ ఆకుల్లాంటి ఆకులతో, తెల్లగా ఎండిపోయినట్టే ఉండే అనఫాలిస్, గొడుగులు విప్పిన తెల్లటి హెరాక్లియం, పసుపు రంగు ఇన్యూలా. పెడిక్యులారిస్ అని ఒకటి, గులాబీ రంగు, మెలి తిరిగిన ముక్కు ఉంటుంది పువ్వుకి, చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో కానీ భూమి లోపల పక్కనున్న గడ్డి వేళ్ళకి అతుక్కుని వాటి తిండి కాస్త లాక్కుంటుంది.

ఇన్ని రకాలు ఒక్కచోట ఎందుకంటే, ఈ లోయ ఉన్న చోటు అలాంటిది. జన్‌స్కార్ కొండలకీ పెద్ద హిమాలయాలకీ మధ్య సంధి అది, రెండు వైపుల మొక్కలూ ఇక్కడ కలుస్తాయి. పైగా ఏడాదిలో సగానికి పైగా మంచు కింద ఉంటుంది, మంచు కరిగిన మూడు నాలుగు నెలల్లోనే మొలకెత్తి, పూసి, గింజ కట్టాలి, ఎవరికీ ఆగే టైము లేదు, అందుకే ఒకదాని మీద ఒకటి పడి పూస్తాయి. జూన్‌లో మంచు పక్కనే ప్రిమ్యులాలు, అనెమొన్‌లు, జులైలో గులాబీ ఊదా రంగులు, ఆగస్టు సగం దాటాక పసుపు ఎక్కువ, సెప్టెంబర్‌కి ఆకులు ఎర్రబడి గింజలు. రెండు మూడు వారాలకోసారి లోయ రంగు మారుతుంది, కాబట్టి మీ ఫ్రెండ్ పోయిన నెల పెట్టిన ఫొటోలో పూలు మీకు కనిపించకపోవచ్చు, కంపెనీ వాళ్ళు మాత్రం జూన్ నుంచి అక్టోబర్ దాకా అన్ని బ్యాచ్‌లకీ అదే ఫొటో పెట్టి అమ్ముతారు. పూల కోసమే అయితే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, అంతే.

గైడ్ భయ్యా దగ్గర నాకు బాగా నచ్చింది, పూలకంటే వేళ్ళ గురించి ఎక్కువ మాట్లాడటం. ఒక చిన్న మొక్క చూపించి కుట్కీ అన్నాడు, పిన్ని ఆకు చూసి, నమలొచ్చా అని అడిగి, అతను వద్దనేలోపే కొస కొరికి మొహం చిట్లించి "ఇది కటుకరోహిణే!" అంది. మన ఆయుర్వేద కొట్లలో కాగితం పొట్లంలో ఎండు పుల్లలుగా దొరికే కటుకరోహిణి, అతివస, జటామాంసి, ఇవన్నీ ఈ ఎత్తుల్లో పెరిగేవే, మొక్కని మాత్రం మనలో చూసినవాళ్ళెవరు? ఇంకోటి హత్తాజడీ, ఊదా రంగు ఆర్కిడ్, దాని దుంప అరచెయ్యీ వేళ్ళూ ఉన్నట్టే ఉంటుందట, మందు కోసం తవ్వి తవ్వి చాలా చోట్ల లేకుండా చేశారు. వేరు కోసం తవ్వితే మొక్క పోయినట్టే కదా, ఆకు కోసుకోవడం లాంటిది కాదు, పైగా ఇక్కడ మొక్క ఆ సైజుకి రావడానికే ఏళ్ళు పడుతుంది. పార్కులో ఏదీ కోయకూడదు, తవ్వకూడదు, కరెక్టే. (పిన్ని కొరికిన ఆకు కొసకి గైడ్ భయ్యా ఆవిడని బాగానే మందలించాడు.)

అక్కడే అమేలా చూపించాడు. పాలిగోనమ్ జాతి, తెల్లటి పూలు, పొదలుగా మనిషెత్తు పెరుగుతుంది, పెరిగిన చోట కింద ఇంకేదీ లేవదు. పార్కు చేశాక మేత ఆపేశారు, ఆ తర్వాత ఇది బాగా కమ్ముకుంది, ఇప్పుడు అటవీ శాఖ మనుషుల్ని పెట్టి పీకిస్తుంటారు. గొర్రెలు ఉండుంటే తొక్కి, తిని అదుపులో ఉంచేవని కొందరంటారు, గొర్రెల వల్లే లోయ పాడైందని ఇంకొందరు, శాస్త్రవేత్తలు కూడా దీని మీద వాదించుకున్నారు. గైడ్ భయ్యా వాళ్ళ తాతలు ఇక్కడికే మందలు తోలుకొచ్చేవాళ్ళట, అతని అభిప్రాయం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. నాకైతే మేత పూర్తిగా ఆపడం కంటే కొంచెం, లెక్క ప్రకారం, వదిలి చూడాల్సింది అనిపించింది, కానీ పిన్ని ఒప్పుకోలేదు, "గొర్రెకి లెక్క నేర్పేదెవరే" అంది.

ఇంకొంచెం లోపలికి జోన్ మార్గరెట్ లెగ్ సమాధి. ఇంగ్లండ్ నుంచి మొక్కలు సేకరించడానికి వచ్చి 1939లో ఇక్కడే బండ మీంచి జారి చనిపోయింది, తర్వాత వాళ్ళక్క వచ్చి ఈ రాయి పెట్టించింది. మా గ్రూపుతో వచ్చినప్పుడు దీని దాకా రానే లేదు. అది దాటి నది ఒడ్డుకి దిగితే ఇసుకలో, రాళ్ళలో ఎపిలోబియం, గులాబీ రంగు పెద్ద పూలు, వేరే మట్టేమీ లేదు, నది తెచ్చి పడేసిన గులకరాళ్ళే. ఫొటోల్లో చూసిన రంగు నిజంగా ఉన్న చోటు ఇదే, కానీ ఇక్కడి దాకా రావడానికి గేటు నుంచి తీరిగ్గా నాలుగైదు గంటలు కావాలి, తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి మూడుకి తిరిగొచ్చే బ్యాచ్‌కి ఇది అందదు. బుక్ చేసేటప్పుడు కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, గేటు దగ్గరికి ఎన్నింటికి చేరుస్తారు, నది ఒడ్డు దాకా తీసుకెళ్తారా.

హేమకుండ్ సంగతి. ఘాంఘరియా నుంచి 6 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడే, 4,300 మీటర్లు దాటుతుంది, తలనొప్పి వచ్చినవాళ్ళు మా గ్రూపులో చాలామంది. రాత్రి పైన ఉండనివ్వరు. గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన చోటని సిక్కుల నమ్మకం, సరస్సు పక్కనే లక్ష్మణుడి గుడి కూడా ఉంది, ముసలి సర్దార్జీలు చెప్పుల్లేకుండా జపం చేసుకుంటూ ఎక్కుతుంటారు, వాళ్ళని చూసి మనకి ఆయాసం అని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పైన లంగర్‌లో (గురుద్వారా వాళ్ళ ఉచిత భోజనశాల) వేడి కిచిడీ, చాయ్, ఆ చలిలో ఆ చాయ్‌కి ఎంత రేటింగ్ ఇచ్చినా తక్కువే.

కానీ పూల కోసం వెళ్ళేవాళ్ళు ఈ దారిని గుడి దారి అనుకుని తల దించుకుని ఎక్కేయొద్దు. నీలి పాపీ మాకు లోయలో కంటే ఇక్కడే బాగా కనిపించింది, బండల సందుల్లో ఒక్కొక్కటే, కాడ నిండా ముళ్ళు, రేకులు మాత్రం పలచగా, నీలమూ ఊదా కాని రంగు, మధ్యలో పసుపు కేసరాలు. ఈ మొక్క కొన్నేళ్ళు ఊరికే ఆకులతో ఉండి, ఒక్కసారి పూసి, గింజ పెట్టి చచ్చిపోతుంది. ఫొటో కోసం దాన్ని తొక్కి నిలబడ్డ మనిషిని చూశాం, పిన్ని తెలుగులోనే తిట్టింది, అతనికి అర్థమైంది.

సరస్సు దగ్గరికి చేరుతుండగా బ్రహ్మకమలాలు. మన దగ్గర రాత్రిపూట పూస్తే చుట్టుపక్కల వాళ్ళని పిలిచి, హారతిచ్చి, స్టేటస్ పెట్టే మొక్క కాదు ఇది. ఆ ఇంట్లోది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్, ముళ్ళు లేని రకం. ఇది పొద్దుతిరుగుడు కుటుంబం, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, దాదాపు 3,800 మీటర్ల పైనే ఉంటుంది, పగలే విచ్చుకుని ఉంటుంది. లేత పసుపు పచ్చ రంగులో పలచటి పొరలు, దొన్నె కుట్టినట్టు ఒకదాని మీద ఒకటి మూసుకుని ఉంటాయి, మనం పువ్వు అనుకునేది ఆ పొరల్నే, అసలు పూలు లోపల ముదురు ఊదా రంగులో చిన్నగా గుంపుగా దాక్కుని ఉంటాయి. చలి నుంచి, వాన నుంచి, పైనున్న ఎండ నుంచి ఆ పొరలే కాపాడతాయి. వాసన ఘాటుగా, అదోరకంగా ఉంటుంది, మల్లెపూవు అనుకుని ముక్కు పెట్టకండి. పిన్ని చాలాసేపు మాట్లాడకుండా చూసి, "మరి మా పెరట్లో ఉన్నదానికి పదేళ్ళుగా కొబ్బరికాయ కొడుతున్నానే!" అంది. బద్రీనాథ్, కేదార్‌నాథ్, నందాదేవి పూజల్లో వాడేది ఈ కొండ మీది పువ్వే. అందరూ కోసుకుపోతే ఏం మిగులుతుందో తెలుసు కాబట్టి దారిలో కోయొద్దని చెప్తూనే ఉంటారు, అయినా దిగేవాళ్ళ చేతుల్లో ఒకటీ అరా కనిపిస్తూనే ఉంది, వాటిలో ఒకటి మా ట్రెక్ లీడర్ బ్యాగు పక్క జేబులో. ప్యాకేజీకి ఐదు మార్కులు ఎందుకు పోయాయంటే సగం ఇందుకే.

గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్‌కి 12.4 కిలోమీటర్ల రోప్‌వేకి 2025 మార్చిలో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. ముసలివాళ్ళకి మంచిదే, కాదనను. కంచరగాడిదల బాధ కూడా తగ్గుతుంది. కానీ ఇప్పుడు నడక కష్టం కాబట్టే జనం కొంత వడకట్టబడి వస్తున్నారు, రేపు ఆ సరస్సు ఒడ్డున ఆ బండల మధ్య ఎంతమంది నిలబడతారో, ఆ పువ్వు పరిస్థితి ఏంటో చూడాలి. చెత్త సంగతి మాత్రం నేననుకున్నంత అధ్వాన్నంగా లేదు, ఊరి వాళ్ళ ఎకో డెవలప్‌మెంట్ కమిటీ మనుషులు దారి ఊడవడం, ప్లాస్టిక్ ఏరడం కళ్ళారా చూశాం.

ఖర్చు విషయానికొస్తే, సొంతంగా వెళ్తే ప్యాకేజీ రేటులో సగం చాలు. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కి బస్సులు, షేర్ జీపులు ఉంటాయి, అక్కడ్నుంచి గోవింద్‌ఘాట్ షేర్ జీపే, ఘాంఘరియాలో సీజన్ మధ్యలో శని ఆదివారాలు తప్పిస్తే రూములు దొరుకుతాయి, పార్కు పర్మిట్ అక్కడే ఇస్తారు, ఎన్ని రోజులు చెల్లుతుందో అక్కడే అడగండి, ఒక్క రోజుకే వెళ్ళి ఎందుకు పాడుచేసుకోవడం. మిగిలిన డబ్బులో ఊరి గైడ్‌కి ఇవ్వండి. మాట్లాడుకునే ముందు ఒక పువ్వు ఫొటో చూపించి పేరు అడగండి, చెప్తే సరే, "వైల్డ్ ఫ్లవర్" అంటే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకోండి. నడవలేని పెద్దవాళ్ళకి ఘాంఘరియా దాకా గుర్రం, సీజన్‌లో వాతావరణం బాగుంటే గోవింద్‌ఘాట్ వైపు నుంచి హెలికాప్టర్, లోయ లోపలికి మాత్రం వీపు మీద బుట్టలో మోసే మనుషులు తప్ప ఇంకేం లేదు. గొడుగు దండగ, పొంచో కొనుక్కోండి. గ్రిప్ ఉన్న బూట్లు, రెండు జతల సాక్సులు ఎక్స్‌ట్రా, చేతిలో క్యాష్. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, ఆఫీసులో ముందే చెప్పేయండి.

కంపెనీ వాళ్ళు మొన్న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు, గూగుల్‌లో ఐదు స్టార్లు ఇస్తే నెక్స్ట్ ట్రెక్‌కి డిస్కౌంట్ అట. రెండున్నర ఇద్దామంటే సగం స్టార్ పెట్టే వీల్లేదు, అందుకని రెండే ఇచ్చా, కింద కామెంట్‌లో డ్రైవర్ అన్నని మెచ్చుకుంటూ నాలుగు లైన్లు రాశా.